మోకాలి నొప్పి వేషం

తలుపు డాక్టరుకి ఆ పేరు ఊరికే రాలేదు. రోగితో మాట్లాడుతున్నంతసేపూ అతని చెయ్యి తలుపు పిడి మీదే ఉండేది. అడగాల్సినవన్నీ గడగడా అడిగేసి, జవాబులు కంప్యూటర్లోకి టకటకా కొట్టేసి, "మళ్ళీ వస్తానమ్మా" అంటూనే సగం మనిషి బయటికి వెళ్ళిపోయేవాడు. తోటి డాక్టర్లు వేళాకోళానికి పెట్టిన పేరు చూస్తుండగానే వార్డంతా పాకిపోయింది. నర్సులు కూడా "తలుపుగారు వచ్చి వెళ్ళారా?" అని అడగడం మొదలుపెట్టారు.

చదువులో మాత్రం అతనికి వంక పెట్టడానికి వీల్లేదు. నిద్రలో లేపి అడిగినా మందుల మోతాదులు అప్పజెప్పేస్తాడు. అలాంటివాడు వృద్ధుల వైద్యంలో ఆఖరి పరీక్ష తప్పాడంటే కాలేజీలో ఎవరూ నమ్మలేదు. అందరికంటే తక్కువ నమ్మినవాడు అతనే.

తప్పింది రాతపరీక్ష కాదు, మాటల పరీక్ష. అందులో రోగులు నిజం రోగులు కారు. నాటకాల్లో ఆరితేరినవాళ్ళని పిలిపించి, ఒక్కొక్కరికీ ఒక్కో జబ్బు అప్పగించి, ఒక్కో గదిలో కూర్చోబెడతారు. డాక్టరు లోపలికి వెళ్ళి ఆ రోగితో మాట్లాడాలి. మూల కుర్చీలో పరీక్షకుడు కూర్చుని చూస్తాడు. గంట కొట్టగానే పక్క గదిలోకి వెళ్ళాలి. ఇందులో మెలిక ఏమిటంటే, వేషం వేసినవాళ్ళు కూడా మార్కు వేస్తారు. ఆ మార్కు పడకపోతే ఎంత చదువుకున్నవాడైనా ఒడ్డెక్కలేడు.

మన తలుపుగారిని ముంచింది మహారాణి. ఆవిడ అసలు పేరు పరీక్షల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. వయసులో ఉండగా రంగస్థలం మీద రాణి వేషాలు తప్ప వేసి ఎరగదట. ఇప్పుడు జుట్టు ముగ్గుబుట్టయినా, ఆస్పత్రి నడవాలో నడిచి వస్తుంటే దర్బారులోకి వస్తున్నట్టే ఉంటుంది. మొదటిసారి పరీక్షలో ఆవిడ అతనికి సున్నా వేసి, ఊరుకోక పరీక్షకులతో ఒక మాట కూడా అంది. "నా మొహం ఏ రంగులో ఉందో ఆ అబ్బాయిని అడగండి. చెప్పగలిగితే నా మార్కు మార్చుకుంటాను."

అడిగారు. అతను చెప్పలేకపోయాడు.

ఆ రోజు ఇంటికి వెళ్ళి ఒంటికాలి మీద లేచాడు. "నాటకాలాడుకునే ముసలావిడకి వైద్యం గురించి ఏం తెలుసమ్మా?" అని గది నాలుగు మూలలా తిరుగుతూ అరిచాడు. వాళ్ళమ్మ బట్టలు మడతపెడుతూ నవ్వింది.

"ఇందాకట్నుంచి అరుస్తున్నావు కదరా, నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో చూశావా ఒకసారైనా?"

అప్పటికీ అతను ఫోనులోకే చూస్తున్నాడు. తలెత్తేసరికి అమ్మ నవ్వు మాయమైంది. నిజంగానే ఆవిడ కళ్ళు అలసటతో లోపలికి పోయి ఉన్నాయి. ఎప్పట్నుంచి అలా ఉన్నాయో అతనికి తెలియలేదు. సిగ్గేసింది, ఆ సిగ్గు చాలాసేపు పోలేదు.

మర్నాటి నుంచి మొదలైంది అతని సాధన. కనపడినవాళ్ళనల్లా కళ్ళప్పగించి చూడడమే పని. బస్సులో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషిని అలాగే చూస్తూ ఉంటే ఆయన మొహం తుడుచుకుని, "ఏంటి బాబూ, నాకేమైనా అంటుకుందా?" అని అడిగాడు. ఇంట్లో అమ్మమ్మ వెంట పడ్డాడు. "మోకాలు ఎలా ఉంది అమ్మమ్మా?" అంటే, "నాకేంరా, రాయిలా ఉన్నాను" అనేది. అని, మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడకి అతుక్కుని ఒక పక్కకి తిరిగి దిగేది. టీ బాగుందంటూనే కప్పు దూరంగా జరిపేది. నోరు ఒకటి చెప్తుంటే ఒళ్ళు ఇంకొకటి చెప్తోంది! ఇన్నాళ్ళూ ఇదంతా తన ముక్కు కిందే జరుగుతోందా అని అతనికి ఒళ్ళు జలదరించింది. కొత్తగా అక్షరాలు వచ్చిన పిల్లాడు వీధిలో బోర్డులన్నీ పైకి చదివినట్టు మనుషుల్ని చదవడం మొదలుపెట్టాడు. వార్డులో చెయ్యి తలుపు పిడి మీంచి దిగింది. స్టూలు లాక్కుని కూర్చోవడం అలవాటైంది. తొందరలో ఉన్నప్పుడు మాత్రం ఆ చెయ్యి తనంత తానే తలుపు వెతుక్కునేది. అలవాటు అంత తేలిగ్గా చస్తుందా?

రెండోసారి పరీక్ష రానే వచ్చింది. ఈసారి తప్పితే మరో ఏడాది ఆగాలి. అతను ఆశపడుతున్న వృద్ధుల వార్డు ఉద్యోగం ఈలోపు ఇంకొకళ్ళు ఎగరేసుకుపోతారు. పొద్దున్నే అభ్యర్థులందర్నీ నిలబెట్టి పెద్ద ప్రొఫెసరు నిబంధనలు చదివాడు. చలికి ఓర్చుకోలేని మనిషి, ఏసీ గదుల్లో స్వెట్టరు లేకుండా కనపడడు.

"రోగులు వేషంలోంచి బయటికి రారు. మీరు రప్పించకూడదు. మధ్యలో సన్నివేశం ఆపితే ఆ గదిలో పరీక్షకుడి మార్కు సున్నా. అర్థమైందా?"

అర్థమైంది. మొదటి గది గట్టెక్కింది. రెండోది ఇంకా బాగా జరిగింది. దగ్గు వేషం వేసిన ముసలాయన ముందు కూర్చుని, ఆయన ఖాళీ ఉంగరపు వేలిని తడుముకోవడం చూసి, "ఇంట్లో ఒక్కరే ఉంటున్నారా?" అని అడిగితే ఆయన వేషం మధ్యలో నిజంగానే ఒక్క క్షణం తడబడ్డాడు. తలుపు డాక్టరు గాల్లో తేలుతూ బయటికి వచ్చాడు. ఇంకొక్క గది! ఆ తలుపు తోశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి.

లోపల మహారాణి కూర్చుని ఉంది. మూల కుర్చీలో స్వెట్టరు ప్రొఫెసరు.

"రండి డాక్టరుగారూ," అంది మహారాణి శాలువా సర్దుకుంటూ. "ఈ మోకాలు నన్ను బతకనివ్వడం లేదండీ."

అతను తలుపు వదిలేసి, స్టూలు లాక్కుని, ఆవిడ కళ్ళకి ఎదురుగా తన కళ్ళు వచ్చేలా కూర్చున్నాడు. ఆవిడ కనుబొమ్మ ఒకటి కొంచెం లేచింది. ఫరవాలేదే, అన్నట్టు. అతనికి ఎగిరి గంతేయాలనిపించింది.

"ఎప్పట్నుంచి అమ్మా?"

"చాలా రోజులుగా. మెట్లు... దిగాలంటే భయం. మా అబ్బాయికి చెప్పకండి, దిగులు... పడతాడు."

మాటలన్నీ వేషానికి తగ్గవే. కుడి చెయ్యి మోకాలి మీద ఉండాల్సిన చోటే ఉంది. కానీ ఊపిరి మాట మధ్యలో తెగుతోంది. గుక్క తిప్పుకోకుండా పేజీలకి పేజీలు డైలాగులు చెప్పిన మనిషి 'మెట్లు'కీ 'దిగాలి'కీ మధ్య ఊపిరి వెతుక్కోవడమేమిటి? అతను ఇంకొంచెం ముందుకి వంగాడు. ఏ పనీ లేని ఎడమ చెయ్యి శాలువా కిందినుంచి మెల్లగా పైకి వచ్చి దవడ పట్టుకుంది. మళ్ళీ దిగింది. మళ్ళీ వచ్చింది. పై పెదవి మీద చెమట. నుదుటి మీద చెమట. ఏసీ చలికి ప్రొఫెసరు స్వెట్టరులో ముడుచుకుని కూర్చుంటే, ఈవిడకి ముచ్చెమటలు పోస్తున్నాయి.

పరీక్షల్లో చెమట కూడా పూస్తారని అతనికి తెలుసు. పూసిన చెమట పూసిన చోటే బొట్లుబొట్లుగా నిలబడుతుంది. ఇది నిలబడడం లేదు. మొహానికి రాసిన పౌడరుని చారలు చారలుగా చీల్చుకుని గడ్డం దాకా దిగుతోంది. ఆ చారల్లోంచి కనపడుతున్న చర్మం బూడిద రంగులో ఉంది.

బూడిద రంగు! పోయినసారి చెప్పలేకపోయిన రంగు కళ్ళెదురుగా కనపడుతోంది.

ఇది కూడా పరీక్షేనేమో అని ఒక పక్క అనుమానం పీకుతోంది. మోకాలి వేషంలో గుండెపోటు దాచిపెట్టి, ఎవడు కనిపెడతాడో చూద్దామని ఎత్తు వేశారేమో. ఏమో, అలాంటి ఎత్తులు వేసే బుర్రలే వీళ్ళవి.

"అమ్మా, దవడ లాగుతోందా?"

ఆవిడ కళ్ళు ఒక్కసారి ప్రొఫెసరు వైపు వెళ్ళి వచ్చాయి. "మోకాలండీ. నేను చెప్పేది మోకాలి గురించి."

"వీపులో బరువుగా ఉందా? వాంతి వచ్చేలా ఉందా?"

"మోకాలు..."

ప్రొఫెసరు గొంతు సవరించుకున్నాడు. "అభ్యర్థి రోగి చెప్పేది వినాలి."

"సార్, ఈవిడకి నిజంగా బాగాలేదు."

"ఆవిడ నటి బాబూ. బాగాలేనట్టు కనపడడమే ఆవిడ పని." ఆ మాట అంటూ ప్రొఫెసరు ఆవిడ వైపు మెచ్చుకోలుగా చూశాడు. ఈ వేళ మహారాణి తనను తానే మించిపోతోందని ఆయన లోలోపల మురిసిపోతున్నాడు కూడా. "కానివ్వు."

గంట కొట్టే వేళ దగ్గర పడుతోంది. నోరు మూసుకుని మోకాలి గురించి రెండు మంచి ప్రశ్నలు అడిగితే చాలు, ఉద్యోగం చేతిలో ఉన్నట్టే. ఆ లెక్క అతని బుర్రలో మెరుపులా వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే మంటెత్తింది. చటుక్కున ఆవిడ ఎడమ చెయ్యి అందుకున్నాడు. ఐసు ముక్కలా ఉంది. నాడి అందీ అందనట్టు కొట్టుకుంటోంది.

"అమ్మా, మీరు వేషంలోనే ఉండండి. మోకాలి గురించే చెప్పండి," అన్నాడు ఆవిడ కళ్ళలోకి చూస్తూ. "ఇదంతా నాటకమైతే నా చెయ్యి వదిలెయ్యండి. నిజమైతే నొక్కండి. అంతే."

మహారాణి పెదవులు కదిలాయి. "రాత్రిళ్ళు... నిద్ర పట్టదండీ, ఈ మోకాలు..." అంది, ఒక్క అక్షరం తప్పకుండా. మొహంలో మోకాలి నొప్పి తప్ప మరే నొప్పీ లేదు. శాలువా చాటున ఆవిడ వేళ్ళు మాత్రం అతని చేతిని బిగించాయి. గోళ్ళు దిగేలా బిగించాయి.

అతను లేచి నిలబడ్డాడు. "సన్నివేశం ఆపుతున్నాను సార్."

"సున్నా వెయ్యాల్సి వస్తుంది!"

"వేసుకోండి. ముందు మీ కుర్చీ ఇవ్వండి!"

గదిలో చక్రాలున్న కుర్చీ అదొక్కటే. ప్రొఫెసరు నోరు తెరిచాడు, తిట్టడానికే తెరిచాడు. అప్పుడు మహారాణి మొహం చూశాడు. ఈసారి నటిని చూస్తున్నట్టు చూడలేదు. చటుక్కున కుర్చీలోంచి లేచిపోయాడు.

నడవాలో ఆ కుర్చీ పరుగు చూసి తీరాలి! ఒక చక్రం వంకర, కిర్రుమంటూ గోడ వైపుకి లాగుతుంది. తలుపు డాక్టరు ఒక చేత్తో కుర్చీ తోస్తూ, రెండో చేత్తో ఆవిడ భుజం పట్టుకుని పరిగెత్తుతున్నాడు. గంట కొట్టే గుమాస్తా రెండు చేతులూ చాచి అడ్డం వచ్చాడు.

"గంట కాలేదండీ! గంట కాకుండా బయటికి రాకూడదు!"

"అయితే కొట్టండి గంట!"

గుమాస్తా కంగారులో నిజంగానే కొట్టేశాడు. దాంతో అన్ని గదుల తలుపులూ తెరుచుకుని, అభ్యర్థులూ వేషధారులూ నడవాలోకి వచ్చిపడ్డారు. చేతికి ఉత్తుత్తి కట్టు కట్టుకున్నాయన మహారాణిని చూసి కట్టున్న చెయ్యి కూడా కలిపి చప్పట్లు కొట్టాడు. "చూశారా, అదీ నటనంటే! ఎంత లీనమైపోయిందో!" దగ్గు ముసలాయన ఈల వేశాడు.

"జరగండి! నాటకం కాదు, నిజం!" అని అరిచాడు తలుపు డాక్టరు. ఎవరూ జరగలేదు.

వెనక నుంచి ప్రొఫెసరు స్వెట్టరు జారిపోతుంటే పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "నిజమయ్యా! నిజం! తప్పుకోండి!"

"సారు కూడా ఇరగదీస్తున్నారే," అన్నాడు కట్టు కట్టుకున్నాయన.

అప్పుడు కుర్చీలోంచి ఒక గొంతు లేచింది. మోకాలి నొప్పి ముసలమ్మ గొంతు కాదు. వెనక వరస దాకా వినపడేలా పలికిన పాతకాలపు గొంతు, ఇప్పుడు సగానికి సగం అరిగిపోయి ఉంది.

"దారివ్వండర్రా!"

అంతే, నడవా రెండుగా చీలింది. మహారాణి తల వెనక్కి వాల్చి, "ఒరే అబ్బాయ్, నెమ్మదిగా తొయ్యరా, పడేస్తావు," అంది. వేషం దిగింది! ఆ 'ఒరే' వినగానే భయమంతా పక్కకి పోయి అతని కాళ్ళకి రెక్కలొచ్చాయి. కుర్చీ మాత్రం నెమ్మదిగా తొయ్యలేదు.

పక్క భవనంలో అత్యవసర విభాగం. వాకిట్లో నిలబడ్డ నర్సు వీళ్ళ మెడల్లో పరీక్ష బిళ్ళలు చూసి చెయ్యి అడ్డం పెట్టింది. "మీ నాటకాలు అవతల ఆడుకోండి. ఇక్కడ మాకు..." అంటూ కుర్చీలోకి చూసింది. మాట పూర్తి చెయ్యలేదు. అడ్డం పెట్టిన చేత్తోనే కుర్చీ లోపలికి లాగేసింది.

తర్వాత అంతా ఒక్క ఊపులో జరిగిపోయింది. ఛాతీ మీద తీగలు అతికించారు. కాగితం మీద గీతలు ఎగసిపడ్డాయి. అక్కడి డాక్టరు ఒక్క చూపు చూసి, "పెద్ద పోటే. గుండె నాళం మూసుకుపోయింది, పదండి," అన్నాడు. మంచం కదిలింది. తలుపు డాక్టరు చెయ్యి ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. రెండు రెక్కల తలుపు దగ్గర నర్సు ఒక్కొక్క వేలే విడదీసి వేరు చెయ్యాల్సి వచ్చింది. తలుపు మూసుకుంది.

అతను నడవాలో గోడకి ఆనుకుని కిందనే కూలబడ్డాడు. కాసేపటికి ప్రొఫెసరు వచ్చి పక్కన నేల మీదే కూర్చున్నాడు.

"నేనూ ఆ గదిలోనే ఉన్నాను," అన్నాడు ఆయన. "చెమట చూశాను. దవడ పట్టుకోవడం చూశాను. ఆహా అనుకున్నానయ్యా. ఆహా అని!"

ప్రొఫెసరు చలికి వణుకుతుంటే, ఆయన చేతిలోనే ఉండిపోయిన స్వెట్టరు అతను తీసి భుజాల మీద కప్పాడు. ఆయన వద్దనలేదు.

"నిబంధన నిబంధనే. నా సున్నా నేను వెయ్యక తప్పదు," అన్నాడు ప్రొఫెసరు. "ఇక ఆవిడ మార్కే మిగిలింది. ఆవిడ నిండుగా వేస్తే మొత్తం మీద ఒడ్డెక్కుతావు. వెయ్యకపోతే నా చేతిలో ఏమీ లేదు."

"ఆవిడ బతికితే చాలు సార్."

ఆ మాట నిజంగానే అన్నాడు. అయినా ఆశ ఎక్కడికి పోతుంది, లోపల ఒక మూల కూర్చునే ఉంది.

సాయంత్రానికి కబురు తెలిసింది. నాళం తెరుచుకుంది, గుండె కుదుటపడింది. ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదట. తలుపు డాక్టరు ఆ మాట చెప్పిన డాక్టరుని అమాంతం కావలించుకున్నాడు. ఎదురుగా వస్తున్న నర్సుని కూడా కావలించుకోబోయి ఆఖరి క్షణంలో తమాయించుకున్నాడు.

మర్నాడు ఆవిడని చూడనిచ్చారు. చిన్న గది, తలుపు పక్కనే మంచం, ముక్కు మీద ఆక్సిజన్ మాస్కు. మాట్లాడకూడదని గట్టిగా చెప్పారు. అతను తలుపు తోసుకుని వచ్చీ రాగానే మాటల ప్రవాహం మొదలుపెట్టాడు.

"అమ్మా, ఎలా ఉన్నారు? నొప్పి తగ్గిందా? అందరూ మిమ్మల్నే అడుగుతున్నారు. దగ్గు తాతయ్య ఈల వేసినందుకు ఒకటే ఏడుపు. అసలు మీరెందుకు ఆపలేదమ్మా? ఆటలో ఉండగా తెర దించకూడదనా? అయినా ప్రాణం కంటే... సరే, వదిలెయ్యండి. ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ మార్కు ఒక్కటే ఆగింది. నేను పాసైతే చెయ్యి నొక్కండి, తప్పితే వదిలెయ్యండి. నిన్నటిలాగే."

చాచిన అతని చెయ్యి మహారాణి అందుకుంది. కిందినుంచి పైకి అతన్ని ఒకసారి చూసింది. తర్వాత, చాలా నిదానంగా, చెయ్యి వదిలేసింది.

అతని గుండె జారి కాళ్ళలో పడింది. అప్పుడు ఆవిడ చూపుడు వేలు లేచింది. ఎన్ని దర్బారుల్లో ఎంతమందిని శాసించిన వేలో మరి, సూటిగా అతని వెనక్కి చూపించింది. అతను తిరిగి చూసుకున్నాడు. తన రెండో చెయ్యి తలుపు పిడి మీద ఉంది.

చురుక్కుమన్నట్టు చెయ్యి తీసేశాడు. వేలు ఇంకా దిగలేదు, ఈసారి మంచం పక్క స్టూలు వైపు తిరిగింది. అతను వెళ్ళి కూర్చున్నాడు. ఏదో చెప్పబోతే వేలు పెదవుల మీదికి, అంటే మాస్కు మీదికి, వెళ్ళింది. నోరు మూసుకున్నాడు. ఇక చేసేదేముంది, ఆవిడని చూస్తూ కూర్చున్నాడు. పౌడరు లేని ముసలి మొహం. నుదురు పొడిగా ఉంది. కళ్ళ కింద నలుపు, కళ్ళ నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో కూడా దర్జా. చేతులు దుప్పటి మీద హాయిగా పడి ఉన్నాయి. ఆవిడ ఎంతకీ చూపు తిప్పుకోలేదు, ఏదో జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు. అప్పుడు వెలిగింది అతనికి.

"మీ మొహం ఇవాళ మేలిమి గోధుమ రంగులో ఉందమ్మా," అన్నాడు. "బుగ్గల మీద కొంచెం ఎరుపు. నిన్న బూడిద రంగు. పోయినసారి నేను చూడలేదు."

మాస్కు వెనక ఆవిడ నవ్వింది. నవ్వుకి మాస్కంతా మసకబారింది. చెయ్యి చాచి అతని చెయ్యి పట్టుకుని, గోళ్ళు దిగేలా నొక్కింది. "అమ్మో!" అని అతను కేక పెట్టేసరికి, అద్దం అవతల నిలబడి చూస్తున్న స్వెట్టరు ప్రొఫెసరు రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు మొదలుపెట్టాడు. ఆ చప్పట్లకి నర్సు పరిగెత్తుకొచ్చి ఆయన్ని అక్కడి నుంచి తరిమేసింది.